నెల మొదటి ఖర్చు అన్నమే

నెల ఇరవయ్యో తేదీ దాటిందంటే హాస్టళ్లలో, నలుగురైదుగురు కలిసి ఉండే అద్దె గదుల్లో కొన్ని మాటలు వినిపిస్తుంటాయి. "నాకు ఆకలిగా లేదురా, మీరు వెళ్లి రండి." "పొద్దున లేటుగా తిన్నాను." "ఇవాళ శనివారం కదా, ఒంటిపూటే." "డైటింగ్ చేస్తున్నానే." ఈ మధ్య వీటిలో ఒక్కటైనా నిజం కాదని తెలిసీ మీరు అని ఉంటే, ఈ అధ్యాయం మీ కోసం. మీ పక్క మంచం వాళ్లు అంటుండగా విని ఊరుకుని ఉంటే, ఇది మరీ మీ కోసం.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఏకాగ్రత గురించి, తెల్లవారుజామున లేవడం గురించి, లక్ష్యాల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. తిండి ప్రస్తావన వస్తే మితంగా తినమని ఉంటుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకుని, పొద్దున టీ, రెండు బిస్కెట్లతో క్లాసుకు వెళ్లిన కుర్రాడికి పదకొండు గంటల పీరియడ్‌లో కళ్లు మూతలు పడతాయి. అప్పుడతనికి సంకల్పబలం గురించి పాఠం చెప్పి లాభం లేదు, నాలుగు ఇడ్లీలు పెట్టాలి. బోర్డు మీది లెక్క బుర్రకెక్కకపోవడం, చిన్న మాటకే చిర్రెత్తుకు రావడం, సాయంత్రానికి తలనొప్పి, ఎవరితోనూ కలవాలనిపించకపోవడం, వీటన్నిటినీ చాలామంది పిల్లలు తమ స్వభావంలో లోపాలుగా రాసుకుంటారు. నిన్నటి నుంచి ఏం తిన్నారో ముందు ఒక కాగితం మీద రాయండి. మనసును విచారించడం ఆ తర్వాత.

ఈ ఆకలి మీ చేతగానితనం వల్ల రాలేదు. మన ఏర్పాట్లలో ఒక పెద్ద ఖాళీ ఉంది, మీ వయసు సరిగ్గా ఆ ఖాళీలో పడింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడిలో ఒక పూట భోజనాన్ని హక్కు చేసింది. మన రెండు రాష్ట్రాలూ ప్రభుత్వ బడుల్లో దాన్ని పదో తరగతి దాకా పొడిగించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి జిల్లా లంకల గన్నవరంలో, వేళ కాని వేళ గుమ్మంలోకి వచ్చిన వాళ్లకు కూడా అన్నం వడ్డించిన ఇల్లాలు ఆమె. అయితే డిగ్రీలో చేరేసరికి ఆ పళ్లెం తీసేస్తారు. పదో తరగతిలో బడిలో గుడ్డు తిన్న పిల్లే మూడేళ్ల తర్వాత డిగ్రీ కాలేజీ ఆవరణలో మంచినీళ్లు తాగి మధ్యాహ్నం గడుపుతుంది. వయసు పెరిగిందని ఆకలి తగ్గదు కదా.

చదువుకునే వాళ్ల తిండి ఎవరి బాధ్యత అన్న ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. వారాలు చేసుకుని చదువుకున్న వాళ్ల కథలు మీ తాతల తరంలో ఉంటాయి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో, అలా ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే వారం గడిచేది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చదువు వెనక ఒంగోలులో ఆయన తల్లి సుబ్బమ్మ గారు నడిపిన పూటకూళ్ల ఇల్లు ఉంది. ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయే ముందు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఇళ్ల తలుపులు కులం చూసి తెరుచుకునేవి. ఏ కులపు పిల్లాణ్ణి వంటింటి దాకా రానిస్తారు, ఎవరిని వీధి అరుగు మీదే ఆపేస్తారు, ఎవరిని అసలు పిలవరు అన్నది ముందే తేలిపోయి ఉండేది. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టినా, తర్వాత ఇతర కులాల వాళ్లు తమ పిల్లల కోసం వసతి గృహాలు కట్టుకున్నా, ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్లు తెరిచినా, అన్నిటి వెనకా ఉన్నది ఒకటే ఎరుక. ఊరు దాటి వచ్చిన పిల్లలకు కూడు, గూడు లేకపోతే కాలేజీలో సీటు ఉండి ఉపయోగం లేదు. మీకు హాస్టల్‌లో పెట్టే అన్నం ఎవరో దయతలచి పెడుతున్నది కాదు. దాని కోసం మీకు ముందు చాలామంది అడిగారు, ధర్నాలు చేశారు, సాధించారు. అందుకే అది చాలకపోతే చాలలేదని చెప్పే హక్కు మీకు ఉంది.

తగ్గేది ప్లేటు ఒక్కటే

ఒక అద్దె గదిని తీసుకోండి. దిల్‌సుఖ్‌నగర్ కావచ్చు, అశోక్‌నగర్ కావచ్చు, తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల ఏ వీధైనా కావచ్చు. నలుగురు ఉంటారు. అద్దె నాలుగు సమాన భాగాలు, కరెంటు బిల్లు నాలుగు సమాన భాగాలు. ఇంటి నుంచి వచ్చే డబ్బు మాత్రం సమానం కాదు. ఒకరికి అడగకముందే ఫోన్‌పేలో పడుతుంది. ఒకరికి పత్తి అమ్మాక పడుతుంది. ఇంకొకరు సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా బండి మీద ఊరంతా బిర్యానీలు మోసి, గదికొచ్చి నీళ్లు తాగి పడుకుంటారు. నాలుగో వ్యక్తి స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని వారానికోసారి ఈపాస్ వెబ్‌సైట్‌లో స్టేటస్ చూసుకుంటూ ఉంటారు.

వచ్చిన ఆ కాస్త డబ్బు ఎక్కడికి పోతుందో గమనించండి. అద్దె తగ్గదు. పరీక్ష ఫీజు ఆగదు. రీచార్జ్ చేయకపోతే ఓటీపీ రాదు. రికార్డులు, జిరాక్సులు తప్పవు. తగ్గించుకోగలిగిన ఖర్చు ఒక్క తిండే. తినకపోతే ఎవరూ నోటీసు ఇవ్వరు, ఫైన్ వేయరు. అందుకే మిగతా ఖర్చులన్నీ వచ్చి దీని మీద పడతాయి. నెలాఖరుకు మిగిలిన డబ్బుతో తిందామనుకునే వాళ్లకు నెలాఖరుకు ఏమీ మిగలదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పే పద్ధతులన్నిటికీ ఇదే మూలం: డబ్బు చేతిలో పడిన రోజే దాన్ని తిండిగా మార్చెయ్యండి. మెస్‌లో తినేవాళ్లయితే నెల డబ్బు ముందే కట్టి రసీదో, టోకెన్లో తీసుకోండి. మొత్తం కట్టలేకపోతే కనీసం ఒక పూటకు, మధ్యాహ్నానికి, కట్టెయ్యండి. గదిలో వండుకునే వాళ్లయితే ఆ సాయంత్రమే బియ్యం, కందిపప్పు, నూనె, పల్లీలు, ఉల్లిపాయలు, చింతపండు, ఒక ట్రే గుడ్లు తెచ్చిపెట్టుకోండి. ఫోన్‌పేలో ఉన్న రెండు వేలను ఎవరైనా అప్పు అడుగుతారు, మీరు కాదనలేరు. గదిలో మూల ఉన్న పది కిలోల బియ్యం మూటను ఎవరూ అప్పు అడగరు.

బియ్యం గురించి చాలామంది విద్యార్థులు వాడుకోని సౌకర్యం ఒకటి ఉంది. ఇంట్లో ఆహార భద్రత కార్డు ఉండి, అందులో మీ పేరు ఉంటే, మీ వాటా బియ్యం కోసం ఊరికి వెళ్లనక్కర్లేదు. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు కింద మీరు ఉంటున్న చోటి రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి కొంత తీసుకోవచ్చు, మిగతాది ఇంటి దగ్గర అమ్మానాన్న తీసుకోవచ్చు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డయితే వేరే రాష్ట్రంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కార్డులో మీ పేరు ఉందా, ఆధార్ అనుసంధానం అయిందా అన్నది ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు చూసుకోండి. చదువుకోవడానికి వెళ్లారని పేరు తీయించేసిన ఇళ్లు కూడా ఉంటాయి.

కడుపు నిండటం ఒకటి, ఒంటికి పట్టడం ఇంకొకటి

ఉస్మానియా క్యాంపస్‌కు ఆనుకుని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్కగట్టేది అక్కడే. 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కేలరీల తిండిలో ధాన్యం 250 గ్రాములుంటే చాలు. కూరగాయలు 400 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు నువ్వుల వంటివి 35 గ్రాములు ఉండాలి. ఆ పట్టికను మీ గదిలోకి తెస్తే తలకిందులవుతుంది. మనం తినేదాంట్లో ముప్పావు వంతు అన్నమే, మిగతాది పచ్చడి, నీళ్ల చారు. కడుపు నిండుతుంది గానీ రెండు గంటల్లో మళ్లీ నీరసం.

పట్టిక మొత్తం అందుకోలేనందుకు బాధపడొద్దు. ముందు ప్రొటీన్ ఒక్కటి సరిచేసుకోండి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని ఆ సంస్థే చెబుతుంది. అంటే 55 కిలోల మనిషికి సుమారు 46 గ్రాములు. మూడు వందల గ్రాముల బియ్యం వండుకుంటే దాదాపు 20 గ్రాములు అందులోనే వస్తాయి. రెండు గుడ్లకు 12. గుప్పెడు పల్లీలకు ఏడు. చిన్న గ్లాసులో సగం కందిపప్పు వండితే ఇంకో పది. సరిపోయింది. గుడ్డు ఆరేడు రూపాయలు, గుప్పెడు పల్లీలు ఐదు రూపాయల లోపు. ఇరవై రూపాయల చిప్స్ ప్యాకెట్‌లో సగం గాలి ఉంటుంది. రెండు సమోసాల డబ్బుకు మూడు గుడ్లు రాకపోయినా రెండైతే వస్తాయి.

రైస్ కుక్కర్ ఒక్కటి ఉంటే పని జరుగుతుంది. బియ్యం, పెసరపప్పు, పసుపు, ఉప్పు, దొరికితే ఒక పాలకూర కట్ట, అన్నీ ఒకేసారి వేసి పులగంలా వండేయండి. కడిగిన గుడ్లను పై గిన్నెలో పెడితే అవే ఉడుకుతాయి. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడేసి ఉంచితే పొద్దునకు టిఫిన్ తయారు. ఉల్లిపాయ ముక్క నంజుకుని తినండి. చద్దన్నం తిని పొలానికి వెళ్లిన వాళ్ల పిల్లలమే మనం, అది తిని క్లాసుకు వెళ్లడంలో చిన్నతనం లేదు. కర్రీ పాయింట్‌కు వెళితే వేపుడు కన్నా పప్పు తీసుకోండి, అదే ధరకు ఇద్దరికి వస్తుంది, ప్రొటీనూ ఉంటుంది. ఇంటి నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చే సీసాల్లో ఆవకాయతో పాటు కందిపొడి, నువ్వుల పొడి కూడా ఉండాలని అమ్మకు చెప్పండి. పచ్చడి ముద్ద దించుతుంది, పొడి ఒంటికి పడుతుంది.

అమ్మాయిలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మీ క్లాసు అమ్మాయిల్లో సగానికి పైగా. మెట్లు ఎక్కితే ఆయాసం, జుట్టు రాలడం, నెలసరి రోజుల్లో లేవలేకపోవడం, వీటిని అలవాటుగా వదిలేయకండి. ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో హిమోగ్లోబిన్ చూపించుకోండి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఊళ్ల నుంచి బస్సులో వచ్చే డే స్కాలర్ అమ్మాయిలది మరో కష్టం. ఏడు గంటల బస్సు అందుకోవాలంటే తినే టైం ఉండదు, తెల్లవారుజామున కట్టిన బాక్సు మధ్యాహ్నానికి పాసిపోతుంది, కాలేజీలో బాత్రూం బాగుండదని నీళ్లు కూడా తాగరు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మీ ఇంట్లో మిగిలిన ఆ బస్ పాస్ డబ్బు ఎటు పోతోందో అడగండి. అది మీ మధ్యాహ్నపు అన్నానికి రావాలి. ఇంట్లో ఈ మాట మొహమాటం లేకుండా చెప్పండి. తమ్ముడి బైక్ పెట్రోల్‌కు ఉన్న డబ్బు మీ టిఫిన్‌కు లేకపోవడం న్యాయం కాదు.

అడగడం ఎలా

"తిన్నావా నాన్నా? ఏం కూర?" అని రాత్రి ఫోన్లో అమ్మ అడుగుతుంది. "తిన్నానమ్మా, పప్పు, వంకాయ" అని గది గోడ చూస్తూ చెప్పే పిల్లలు ఎందరో ఉన్నారు. అమ్మ బాధపడుతుందనే చెబుతారు, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఇంటికి నిజం తెలియకపోతే ఇల్లు చేయగలిగింది కూడా చేయదు. ఏడుస్తూ చెప్పక్కర్లేదు, లెక్కగా చెప్పండి. "నాన్నా, మెస్‌కి నెలకు ఇంత అవుతోంది, నువ్వు పంపేదాంట్లో అద్దె పోను ఇంతే మిగులుతోంది, ఇరవయ్యో తేదీ తర్వాత ఒక పూటే తింటున్నాను." ఎక్కువ పంపలేని ఇల్లయినా పది కిలోల బియ్యం పంపగలదు. ఆ ఊరి నుంచే వస్తున్న మరో కుటుంబానికి ఒక మాట చెప్పగలదు. చదువు ఆపేసి వచ్చేయమంటారేమోనని భయముంటే, "చదువు ఆపను, తిండి సంగతి ఒక్కటే చూద్దాం" అన్న వాక్యంతోనే మొదలుపెట్టండి.

అయిదు రూపాయల భోజనం దగ్గర నిలబడటానికి చాలామందికి కాళ్లు రావు. హైదరాబాద్‌లో 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలై ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లుగా నడుస్తున్న కేంద్రాల్లో అయిదు రూపాయలకు భోజనం పెడతారు, కొన్నిచోట్ల టిఫిన్ కూడా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పూటకు అయిదు రూపాయలే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మధ్య ఉన్న గురుద్వారాలో లంగర్‌కు కులం మతం అడగరు, తల మీద గుడ్డ కప్పుకుని నేల మీద కూర్చుంటే చాలు. క్యాంటీన్ వరుసలో మీ ముందు ఆటో డ్రైవర్ ఉంటాడు, మీ వెనక ఆసుపత్రిలో రోగిని పెట్టుకుని వచ్చిన వాళ్లుంటారు. కాలేజీ బ్యాగుతో అక్కడ నిలబడినందుకు మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు. ఒకవేళ చూసినా, సాయంత్రం పరీక్షకు చదవాల్సింది మీరు. మొదటిసారి ఒంటరిగా వెళ్లడం కష్టమనిపిస్తే స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లండి. వేళలు ముందే కనుక్కోండి, ఆదివారం మూసి ఉండేవి ఉంటాయి, ఆ రోజుకు వేరే ఏర్పాటు కావాలి.

సంక్షేమ హాస్టల్‌లో ఉన్నవాళ్లు ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో 2024 చివర్లో డైట్ చార్జీలు పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. అంటే మూడు పూటలకూ కలిపి రోజుకు 70 రూపాయలు. ఆ డబ్బుకు ఏం పెట్టాలో చెప్పే మెనూ ఉంటుంది, దాన్ని గోడ మీద అంటించమని అడగండి. గుడ్డు రాని రోజు తేదీ వేసి రాసుకోండి. నలుగురితో సంతకం పెట్టించి వార్డెన్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. గొంతు పెంచనక్కర్లేదు, కాగితం చాలు.

విద్యార్థులే నడుపుకునే మెస్సుల్లో కష్టం ఇంకో రకం. అక్కడ నెల ఖర్చును తిన్నవాళ్ల మధ్య పంచుతారు. మెస్ కమిటీలో సాధారణంగా ఖర్చుకు వెనకాడని వాళ్లే చేరతారు. ఆదివారం చికెన్‌తో పాటు ఐస్‌క్రీం పెడదామంటే చప్పట్లు పడతాయి, బిల్లు రెండు వందలు పెరుగుతుంది, ఆ రెండు వందలు కట్టలేని వాళ్లు నోరు మెదపరు. మీది ఇబ్బంది ఉన్న ఇల్లయితే కమిటీలో చేరాల్సింది ముందు మీరే. బియ్యం ఎంత వచ్చింది, గ్యాస్ ఎంత అయింది, గెస్ట్ టోకెన్ల డబ్బు ఎక్కడ జమైంది అని చూసే మనిషి ఒకరుంటే బిల్లు అదుపులో ఉంటుంది.

స్కాలర్‌షిప్ ఆలస్యమై మెస్ బకాయి పేరుకుపోతే చాలామంది వార్డెన్‌కు కనబడకుండా తిరుగుతారు, తర్వాత మెస్‌కే వెళ్లడం మానేస్తారు. కనబడండి. స్కాలర్‌షిప్ స్టేటస్ పేజీ ప్రింటు తీసి, అది పడగానే కడతానని రాసి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపినా, రావాల్సిన స్కాలర్‌షిప్ ఆలస్యమైనా ఫిర్యాదు చేసే దారి ఉంది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన పదిహేను పనిదినాల్లో అది తన నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ దగ్గరకు వెళ్లొచ్చు. దానికి ముందు, మీకు కాస్త చనువున్న ఒక్క లెక్చరర్‌తో మాట్లాడండి. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ అయితే ఇంకా మంచిది. "సార్, ఈ నెల మెస్ కట్టలేకపోయాను. పూట తప్పుతోంది. ఏదైనా దారి ఉంటే చెప్పండి." ఈ మూడు వాక్యాలు చాలు. చాలా స్టాఫ్‌రూముల్లో ఇలాంటి పిల్లలకు చడీచప్పుడు లేకుండా డబ్బు కట్టే మనుషులు ఉంటారు. ఎవరికి అవసరమో వాళ్లకు తెలియదు, అంతే.

పెట్టగలిగిన వాళ్లకు

పక్క మంచం మీద ఆకలి ఉందని మీకు తెలిసినప్పుడు జాలి చూపించకండి, వివరాలు అడగకండి. "తినలేదా? డబ్బుల్లేవా?" అని నలుగురిలో అడిగితే ఆ పూట తిండితో పాటు మీ స్నేహం కూడా పోతుంది. "మామా, అన్నం ఎక్కువైంది, కూర్చో" అనండి. "అక్కా, మా అమ్మ పులిహోర పంపింది, పాడైపోతుంది, నువ్వూ తీసుకో" అనండి. ఒక్కరికి వండుకునే పద్ధతి మాని గదంతటికీ ఒకే పొయ్యి పెట్టండి. డబ్బు ఎక్కువ ఇవ్వగలిగిన వాళ్లు సరుకులకు ఇస్తారు, ఇవ్వలేని వాళ్లు వంట చేస్తారు, గిన్నెలు తోముతారు. అప్పుడు ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. ఈ ఒక్క ఏర్పాటు చేసే మేలు పది ఉపన్యాసాలు చేయవు.

బర్త్‌డే ట్రీట్లు, బిల్లు సమానంగా పంచుకునే అలవాటు ఈ వయసులో చాలా బాధపెడతాయి. మీరు బిర్యానీ తిన్నారు, అతను ఒక కూల్‌డ్రింకు తాగాడు, బిల్లు తలా మూడు వందల యాభై. అతనికది వారం తిండి. ఎవరు తిన్నది వాళ్లు కట్టుకునే పద్ధతిని గ్రూపులో మీరే ప్రతిపాదించండి. డబ్బున్న మీ నోటి నుంచి వస్తే అది తేలిగ్గా చెల్లుతుంది. డబ్బు లేనివాడు అంటే పిసినారి అంటారు.

అమెరికాకు వెళ్లిన మన పిల్లలకు కూడా ఈ అధ్యాయం వర్తిస్తుంది. అక్కడ ఇది పరాయి దేశం నుంచి వచ్చిన వాళ్ల కష్టం మాత్రమే కాదు. 2020లో డిగ్రీ విద్యార్థుల్లో 23 శాతానికి, అంటే సుమారు 38 లక్షల మందికి, చాలినంత తిండికి భరోసా లేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తేల్చింది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆహార సాయం అందదు, చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఇంటి దగ్గర అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే ముందు తగ్గేది అక్కడా ప్లేటే. 1993లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మొదలైన విద్యార్థుల ఫుడ్ బ్యాంక్ పద్ధతి ఇప్పుడు వందల క్యాంపస్‌లకు పాకింది. చాలాచోట్ల స్టూడెంట్ ఐడీ చూపిస్తే బియ్యం, పప్పులు, గుడ్లు, కూరగాయలు తీసుకోవచ్చు. యూనివర్సిటీయో, స్వచ్ఛంద సంస్థో నడిపే ఇలాంటి ఫుడ్ బ్యాంక్ ప్రభుత్వ సాయం కిందికి రాదు. అనుమానం ఉంటే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి వెళ్లండి. కానీ అక్కడికి అవసరం ఉన్నవాళ్లే వెళ్లాలి. ఉచితంగా వస్తున్నాయని సంచులు నింపుకుంటే, ఆ అరల ముందు ఖాళీ చేతులతో నిలబడేది మీలాంటి మరో విద్యార్థే.

సెలవుల గురించి చెప్పి ముగిస్తాను. దసరాకు, సంక్రాంతికి మెస్ మూసేస్తారు. అందరూ ఇళ్లకు వెళ్తారని లెక్క. చార్జీలు లేనివాళ్లు, ఇంట్లో గొడవలున్నవాళ్లు, పార్ట్‌టైమ్ పని వదిలి వెళ్లలేనివాళ్లు, వెళ్లడానికి ఇల్లే లేనివాళ్లు ఉండిపోతారు. ఆ పది రోజులూ వాళ్లు ఏం తింటున్నారో ఎవరికీ పట్టదు. సెలవులకు రెండు వారాల ముందే ఫ్లోర్‌లో ఒక కాగితం పెట్టి, ఉండిపోయే వాళ్లను పేర్లు రాయమనండి. మీరు ఉండేవాళ్లయితే మొదటి పేరు మీదే రాయండి, అప్పుడు మిగతావాళ్లు ధైర్యంగా రాస్తారు. ఆ జాబితాతో వార్డెన్ దగ్గరకు వెళ్లి స్టోర్‌లో మిగిలిన బియ్యం, పప్పు, ఒక గ్యాస్ సిలిండర్ అడగండి. ఒక వంటమనిషికి పది రోజుల కూలీ ఎంతో కనుక్కోండి. ఊరికి వెళ్లేవాళ్లు బస్సెక్కే ముందు తలా ఇరవై రూపాయలు ఒక డబ్బాలో వేసి వెళ్లాలని ఫ్లోర్‌లో ఒక మాట అనుకోండి. వంట ఎవరు చూసుకుంటారో, స్టోర్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో సెలవులు మొదలయ్యే ముందు రోజు రాత్రికల్లా తేల్చేసుకోండి.